గాలి ఇంజనుకు ఆయిలు కూలరెందుకు?

చిరంజీవులైన అమ్మడికీ, తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మడూ, మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న రెండు మాటల్లో తేలేది కాదని, ఉత్తరం రాస్తానని అన్నాను. మీ నాన్నగారు ముచ్చటపడి బాగుచేసుకుంటున్న 1968 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు నీళ్లతో పనిలేదని, దాని ఇంజను గాలితోనే చల్లబడుతుందని నీకు చెప్పినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆయన అదే కారు కింద రేడియేటరు లాంటి పెట్టె ఒకటి బిగించి, దానికి ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా పెడుతున్నారు. "గాలి చాలదా తాతయ్యా?" అని అడిగావు. విజయవాడ ఆటోనగర్‌లో నా జీవితమంతా ఇంజన్ల మధ్యనే గడిచింది కాబట్టి, ఈ సంగతి రాయడానికి నాకూ సరదాగానే ఉంది.

ముందు ఆ ఇంజనును తక్కువ చేయవద్దు. ఫెర్డినాండ్ పోర్షే ఆధ్వర్యంలో 1930లలో రూపుదిద్దుకున్న ఆ కారు, 2003లో మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారంలో చివరిది తయారయ్యే నాటికి రెండు కోట్ల పదిహేను లక్షలకు పైగా అమ్ముడైంది. వెనక మూత ఎత్తితే నల్లటి రేకు గూడు ఒకటి కనబడుతుంది. దాని లోపల, జనరేటరు ఇరుసుకే బిగించిన పెద్ద ఫ్యాను ఉంటుంది. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు అది సెకనుకు సుమారు 500 లీటర్ల గాలిని లాగి, నాలుగు సిలిండర్ల చుట్టూ ఉన్న పలచని రెక్కల సందుల్లోకి తోస్తుంది. జనరేటరునూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు. అందువల్లనే డ్యాష్‌బోర్డు మీద జనరేటరు ఎర్రదీపం వెలిగితే బ్యాటరీ సంగతి తరువాత, ముందు బండి ఆపి బెల్టు తెగిందేమో చూడాలి. తెగితే గాలి కూడా ఆగిపోయినట్టే.

అయితే ఆ గాలి తగిలేది ఇంజను బయటి భాగాలకు మాత్రమే. పిస్టను అడుగుభాగం, క్రాంకు బేరింగులు, క్యాము వంటివన్నీ మూసి ఉన్న పెట్టెలో ఉంటాయి. అక్కడి వేడిని మోసుకుపోయేది ఆయిలే. ఈ ముక్క అర్థం కావాలంటే పులిహోర సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో మా ఊళ్లో పెళ్లంటే పెరట్లో గాడిపొయ్యి తవ్వేవారు. తెల్లవారేసరికి పులిహోరకు అన్నం వండి, గుండిగలోనే ఉంచితే మెత్తబడి ముద్దవుతుందని, పొయ్యికి దూరంగా చెట్టు కింద ఈతచాపలు పరచి, వాటి మీద ఉతికిన పంచె వేసి, అన్నాన్ని పలచగా ఆరబోసేవారు. మా ఊరికి అప్పటికి ఇంకా కరెంటు రాలేదు. అందుకని మా బోటి పిల్లకాయలను చుట్టూ కూర్చోబెట్టి చేతికొక తాటాకు విసనకర్ర ఇచ్చేవారు. పెళ్లివారింటి బూందీ లడ్డు ఒకటి ముందే చేతిలో పడితే తప్ప మేము విసిరేవాళ్లం కాము. వంటాయన మాటిమాటికీ వచ్చి, చాప నడిమధ్యన వేళ్లు గుచ్చి చూసేవాడు. పైపైన ఆరినట్టే కనబడే అన్నం అడుగున చెయ్యి చురుక్కుమనిపించేది. అప్పుడు తెడ్డుతో ఇంకాస్త పలచగా నెరిపి, మళ్లీ విసరమనేవాడు.

ఇంజనును గుండిగ అనుకో, ఆయిలును అన్నమనుకో. గుండిగ బయట ఎంత విసిరినా నడిమి అన్నం చల్లారదు. దాన్ని బయటికి తియ్యాలి, నీడకు తీసుకుపోవాలి, పలచగా పరచాలి, ఆపైన విసరాలి. మీ నాన్నగారు బిగిస్తున్న పెట్టె ఆ ఈతచాప. పంపు నుంచి బయలుదేరిన ఆయిలు గొట్టం గుండా ఆ పెట్టెలోకి పోయి, సన్నని దారుల్లో పలచబడి, రెక్కలకు తన వేడి ఇచ్చి, మళ్లీ ఇంజనులోకి వస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను విసనకర్ర. పులిహోర అన్నం మళ్లీ గుండిగలోకి పోదు కదా అంటావేమో. పోదు, నిజమే. ఉపమానం అక్కడ కాస్త కుంటుతుంది. అయినా ఇంత దూరం వచ్చాక దాన్ని వదిలిపెట్టను.

మరి కర్మాగారం వాళ్లు చాపే లేకుండా కారు అమ్మారా? లేదు, చాప ఉంది, వేసిన చోటే బాగాలేదు. మీ కారులో చిన్న ఆయిలు కూలరు ఆ రేకు గూడు లోపలే, ఫ్యాను గాలికి అడ్డంగా నిలబడి ఉంటుంది. ఆయిలు వేడిని పుచ్చుకున్న గాలే కిందనున్న మూడో సిలిండరు మీదికి పోతుంది. అందుకనే ఆ ఇంజన్లలో మూడో నంబరు మిగిలిన వాటికన్నా వేడెక్కుతుందని, దాని ఎగ్జాస్టు వాల్వు ముందుగా కాలుతుందని మెకానిక్కులందరూ చెబుతారు. 1971 మోడలు నుంచి కూలరును గూడు వెనక్కి జరిపి, దాని వేడిగాలి సిలిండర్ల మీదికి పోకుండా విడిగా దారి చేశారు. పాత ఇంజన్లకు సయితం ఆ ఏర్పాటు తగిలించుకునే వారు ఎందరో ఉన్నారు. నన్నడిగితే మొదట చేయవలసిన మార్పు అదే.

పెద్ద పెట్టెను బయట పెట్టడం కూడా కొత్త ఆలోచన కాదు. 1963లో లోకానికి చూపించిన పోర్షే 911 కూడా గాలి ఇంజనే. కానీ దానిలో సుమారు పది లీటర్ల ఆయిలు పడుతుంది, మీ బీటిల్‌లో రెండున్నర లీటర్లే. వేగం పెరిగేకొద్దీ అదీ చాలక 1969 నాటి 911 ఎస్‌కు ముందు కుడి మడ్‌గార్డులో అదనపు కూలరు పెట్టారు. ఇరవై ఏళ్ల తరువాత 911లోనే వచ్చిన 964 అనే మోడలులో ఆ కూలరుకు ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా ఉంది. కాబట్టి మీ నాన్నగారు చేస్తున్నది అపచారమేమీ కాదు. మన వీధిలో తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకు ముందు భాగంలో సైతం ఇటువంటి ఆయిలు కూలరే ఉంటుంది. బండి కదిలితే దానికి ఎదురుగాలి దొరుకుతుంది కాబట్టి ఫ్యాను అవసరం లేదు. బీటిల్‌లో అటువంటి ఎదురుగాలి తగిలే చోటు దొరకడం కష్టం. చాలామంది గేరుబాక్సు పైనున్న సందులో బిగిస్తారు. అక్కడ గాలి తానుగా ఆడదు, విసనకర్ర ఉండి తీరాలి.

ఇక తమ్ముడు అడిగిన ప్రశ్న: బెల్టు ఫ్యానును తీసిపారేసి మొత్తం ఎలక్ట్రిక్ ఫ్యానుతోనే నడపకూడదా? తెలివైన ప్రశ్నే గాని లెక్క కుదరదు. ఆ పెద్ద ఫ్యానును తిప్పడానికి ఇంజను తన బలంలో కొంత ఇస్తుంది. అది రెండు అశ్వశక్తులే అనుకున్నా, 12 వోల్టుల మీద 120 ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. మీ కారు జనరేటరు ఇచ్చేది సుమారు 30 ఆంపియర్లు. పైగా మామూలు రేడియేటరు ఫ్యాను గాలిని ఎక్కువగా కదిలిస్తుంది గాని, ఇరుకు సందుల్లోకి గట్టిగా తోయలేదు. అందుచేత ఎలక్ట్రిక్ ఫ్యాను ఆయిలు పెట్టె వరకే. దానికైనా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నగారికి. అల్లుడుగారికి నేరుగా సలహా ఇస్తే బాగుండదు కాబట్టి నీ ద్వారా చెబుతున్నాను. కొత్త పెట్టె బిగించే ముందు ఇంజను చుట్టూ ఉన్న రేకులన్నీ ఉన్నాయో లేవో, వాటి అంచున ఉండే రబ్బరు పట్టీ బిగువుగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ రేకులు అలంకారానికి పెట్టినవి కావు. పైనున్న చల్లగాలినీ కిందనున్న వేడిగాలినీ కలవనీయకుండా అడ్డుగోడగా నిలిచేవి అవే. ఒక రేకు పోయినా, పట్టీ చిరిగినా, సైలెన్సరు దగ్గర కాగిన గాలినే ఫ్యాను మళ్లీ లోపలికి లాగుతుంది. ఈతచాపను గాడిపొయ్యి పక్కనే పరచి, పొయ్యి సెగనే అన్నం మీదికి విసిరితే ఎంత ప్రయోజనమో ఇదీ అంతే. ఉన్నదాన్ని సరిగ్గా ఉంచుకోకుండా కొత్తది కొని తగిలించడం ఈ రోజుల్లో ఎక్కువైందని నాకు అనిపిస్తుంది. ముసలివాళ్లకు అలాగే అనిపిస్తుందనుకో.

మరొకటి కూడా చూడాలి. అన్నం పూర్తిగా చల్లారిపోతే పులుసు పట్టదని, గోరువెచ్చగా ఉండగానే వంటాయన చింతపండు గుజ్జు కలిపేవాడు. ఆయిలు సంగతీ అంతే. మరీ చల్లగా ఉంటే చిక్కగా ఉండి సందుల్లోకి పారదు, దానిలో చేరిన తేమ ఆవిరై పోదు. అందుకే సుమారు 80 డిగ్రీలు దాటే దాకా ఆయిలును పెట్టెలోకి పంపకుండా ఆపే థర్మోస్టాటు పెట్టాలి. ఉదయాన్నే బయలుదేరినప్పుడు పెట్టె చల్లగానే ఉండటం మంచి లక్షణం. ఇక గొట్టాల దగ్గర పిసినారితనం పనికిరాదు. పాత అమరికలో ఆయిలు ఇంజను దాటి బయటికి రాదు. ఇప్పుడు మీటర్ల పొడవున ఒత్తిడితో పారుతుంది. ఒక గొట్టం రేకు అంచుకు ఒరుసుకుని తెగితే ఉన్న రెండున్నర లీటర్లూ చూస్తుండగానే రోడ్డు పాలై ఇంజను పట్టేస్తుంది. గొట్టం రేకును దాటే ప్రతిచోటా రబ్బరు వాచరు వేయమను. గొట్టాలు ఎలాగూ వేస్తున్నారు కాబట్టి దారిలో ఆయిలు ఫిల్టరు కూడా పెట్టించుకోమను. ఆ కారుకు పుట్టుకతో జల్లెడ తప్ప ఫిల్టరు లేదు.

పని పూర్తయ్యాక మీరు కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి టాహో సరస్సుకు వెళతామన్నారు. ఆ దారిలో 7,000 అడుగులు దాటే కనుమ ఉంది. అక్కడ గాలి అయిదో వంతు మేర పలచబడుతుంది, పైగా ఎత్తు ఎక్కడానికి ఇంజను ఎక్కువ పని చేస్తుంది. దీనికంటే మంచి పరీక్ష దొరకదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా వెలిగే చిన్న దీపం ఒకటి, ఆయిలు వేడి చూపే మీటరు ఒకటి డ్యాష్‌బోర్డు మీద పెట్టమని నాన్నగారిని అడుగు. నువ్వు పక్క సీట్లో కూర్చుని, దీపం ఎన్ని డిగ్రీల దగ్గర వెలిగిందో, ఎన్ని డిగ్రీల దగ్గర ఆరిందో రాసుకో. ఆ రెండు అంకెలూ ఒకటిగా ఉండవు. ఎందుకు ఉండవో నేను చెప్పను. ఒకే అంకె దగ్గర వెలిగి, అక్కడే ఆరేలా పెడితే ఫ్యాను ఏమి చేస్తుందో ఆలోచించి, తమ్ముడితో వాదించి, నాకు జవాబు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య