పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చిన హెల్మెట్

ఆదివారం తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి సైకిళ్ల మీద పోయే గుంపు మాది. మొన్న మార్చిలో మా మధ్య ఒక గొడవ వచ్చింది. కొత్తగా చేరిన తమ్ముడొకడు హెల్మెట్ లేకుండా వచ్చాడు. మేమంతా అన్నా అని పిలిచే పెద్దాయన, "అది లేకుంటే మాతో రావద్దబ్బయా" అన్నాడు. తమ్ముడికి కోపం వచ్చింది. "తలకాయ నాది గదన్నా, పగిలితే నాదే పగులుతుంది. ఈ ఉక్కలో అది పెట్టుకుంటే ఊపిరాడదు" అన్నాడు. ఆ రోజు బీచ్ దాకా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

తమ్ముడి మాట నాకు కొత్తగా అనిపించలేదు. 1991లో ప్రపంచంలోని మేటి ప్రొఫెషనల్ సైక్లిస్టులు ఇంచుమించు ఇదే మాట అని సమ్మెకు దిగారు. ఆ సమ్మె జరిగింది ఫ్రాన్స్‌లో, పారిస్–నీస్ రేసులో. సరిగ్గా పన్నెండేళ్లకు అదే రేసులో ఒక రైడర్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఇవాళ టీవీలో ఏ సైకిల్ రేసు పెట్టినా ప్రతి తల మీదా హెల్మెట్ కనిపిస్తోందంటే, దాని వెనక ఈ రెండు సంఘటనలు ఉన్నాయి.

పారిస్–నీస్ ఏటా మార్చిలో జరుగుతుంది. చలి ఇంకా వదలని పారిస్ వైపు నుంచి బయలుదేరి, వారం రోజుల పైన తొక్కుతూ మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నీస్ నగరానికి చేరతారు. అందుకే దీన్ని 'సూర్యుడి వైపు రేసు' అంటారు. ఉదయం ఏడున్నర దాటితే ఎండకు భయపడి ఇంటి దారి పట్టే మాకు ఆ పేరు విన్నప్పుడల్లా వింతగా ఉంటుంది. 1933లో ఆల్బర్ట్ లెజాన్ అనే పత్రికల యజమాని దీన్ని మొదలుపెట్టాడు. ఆయనకు పారిస్‌లో ఒక పత్రిక, నీస్‌లో ఒక పత్రిక ఉండేవి. రెండు ఊళ్లనూ కలుపుతూ రేసు పెడితే రెండు పత్రికలూ అమ్ముడుపోతాయన్నది ఆలోచన. మొదటిసారి గెలిచినవాడు బెల్జియం రైడర్ ఆల్ఫాన్స్ షెపర్స్. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంతో ఆగింది, మళ్లీ మొదలైంది. ఐర్లండ్‌కి చెందిన షాన్ కెల్లీ 1982 నుంచి 1988 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు.

సీజన్ మొదట్లో వచ్చే రేసు కాబట్టి దీనికి కొన్ని లక్షణాలున్నాయి. చలికాలం సెలవు ముగించుకుని వచ్చిన రైడర్లు గుంపులో తొక్కే అలవాటును అప్పుడప్పుడే మళ్లీ తెచ్చుకుంటుంటారు. వాన, అడ్డగాలి, కొన్నిసార్లు మంచు కూడా ఉంటాయి. 2016లో మంచు కురవడంతో ఒక స్టేజీని, అంటే ఒక రోజు తొక్కాల్సిన దూరాన్ని, సగంలోనే రద్దు చేశారు. ముందు వరసలో చోటు కోసం అందరికీ టెన్షనే. నూటయాభై మంది ఒకరి చక్రం వెనక ఒకరు జానెడు దూరంలో పోతున్నప్పుడు ఒకడు తడబడితే పదిమంది పడతారు.

అయినా చాలాకాలం వాళ్ల తలల మీద ఉన్నది గుడ్డ టోపీ, లేదంటే తోలు పట్టీలతో కుట్టిన ఒక వల లాంటిది. ఆ తోలు వల చర్మం గీరుకుపోకుండా కొంత కాపాడుతుందేమో గానీ, పుర్రెకు తగిలే దెబ్బను ఆపలేదు. లోపల థర్మకోల్ లాంటి నురుగు ఉండే గట్టి హెల్మెట్లు 1970ల మధ్యలో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చాయి. పనిచేసే తీరు చాలా సాదా. తల నేలకు కొట్టుకున్నప్పుడు ఆ నురుగు నలిగిపోతుంది. అది నలిగే ఆ రెప్పపాటులో దెబ్బ వేగం తగ్గుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు.

ఈ కథలో నేను ఎక్కువగా తలుచుకునేది సైకిల్ రేసుల్లో అన్నిటికంటే పేరున్న టూర్ డి ఫ్రాన్స్‌లో, 1989 నాటి ఆఖరి రోజు. టైమ్ ట్రయల్, అంటే గడియారంతో పోటీ పడి ఒక్కొక్కరే తొక్కే స్టేజీ. అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్, గాలిని చీల్చుకుపోయేలా వెనక కొస సాగి ఉన్న హెల్మెట్ పెట్టుకుని తొక్కాడు. అప్పటిదాకా 50 సెకన్లు ముందున్న ఫ్రాన్స్ రైడర్ లారెంట్ ఫిన్యాన్ ఏమీ పెట్టుకోకుండా, జుట్టు పిలక గాలికి ఎగురుతుండగా తొక్కాడు. చివరికి లెమాండ్ మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ రోజు తర్వాత టైమ్ ట్రయల్‌లో హెల్మెట్ పెట్టుకోవడానికి బతిమాలాల్సిన పని లేకపోయింది. సెకన్లు మిగిల్చే హెల్మెట్‌ను వాళ్లు ఇష్టంగానే పెట్టుకున్నారు. ప్రాణం మిగిల్చే హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికే వాదనలు మొదలయ్యాయి.

1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం హెల్మెట్ తప్పనిసరి అంది. పారిస్–నీస్‌లో దాన్ని అమలు చేయబోతే రైడర్లు ఎదురు తిరిగారు. హెల్మెట్ బరువు, వేడి, కొండ ఎక్కుతుంటే చెమట కళ్లలోకి కారుతుంది, పెట్టుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు మాది అన్నారు. సంఘం వెనక్కి తగ్గింది. వేడి అనే మాట మీద నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానమే. మంచు కురిసే కాలంలో నడిచే రేసు అది. జులైలో జరిగే టూర్ డి ఫ్రాన్స్ కొండల మీద ఆ మాట అంటే ఒప్పుకోవచ్చు. నాకు అర్థమైనంతవరకు అసలు అడ్డంకి అలవాటు. తమకంటే ముందు గొప్పగా తొక్కినవాళ్లంతా ఉత్త తలతోనే తొక్కారు. హెల్మెట్ పెట్టుకుంటే భయస్తుడిలా కనిపిస్తామన్న సంకోచం ఏ దేశపు కుర్రాళ్లకైనా ఉంటుంది.

1995 జులై 18న టూర్ డి ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల్లో పోర్టె దాస్పే అనే కనుమ దిగుతూ ఇటలీ రైడర్ ఫాబియో కాసర్టెల్లి పడ్డాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచినవాడు. రోడ్డు పక్కన ఉన్న సిమెంటు దిమ్మెకు తల తగిలింది. హెల్మెట్ లేదు. ఆ రోజే చనిపోయాడు. మర్నాడు స్టేజీలో ఎవరూ పోటీ పడలేదు. చివర్లో అతని జట్టువాళ్లను ముందు పంపి మిగతా అందరూ వెనక తొక్కుతూ వచ్చారు. హెల్మెట్ ఉన్నా బతికేవాడా కాదా అని వాదించుకున్నారు. నిబంధన మాత్రం రాలేదు.

తర్వాత 2003 మార్చి 11. పారిస్–నీస్ రెండో స్టేజీ, సెయింట్ ఎతియెన్ ఊరికి చేరే రోజు. కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ మరో ఇద్దరితో తగులుకుని పడ్డాడు. అది భయంకరమైన లోయ కాదు, ఘాట్ దిగుడు కాదు, మామూలు రోడ్డు. ఆ ఇద్దరూ లేచారు. కివిలెవ్ లేవలేదు. హెల్మెట్ పెట్టుకోలేదు. పుర్రెకు తగిలిన గాయంతో మర్నాడు ఉదయం ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 29. అంతకు రెండేళ్ల ముందు టూర్ డి ఫ్రాన్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినవాడు. ఆ ఏడాది పారిస్–నీస్ గెలిచింది అలెగ్జాండర్ వినొకురోవ్. కివిలెవ్‌కి సొంత దేశంవాడు, ప్రాణ స్నేహితుడు. గెలిచిన సంతోషం ఆ మనిషికి ఎంత మిగిలి ఉంటుందో ఊహించలేను.

ఈసారి సంఘం వెనక్కి తగ్గలేదు. రెండు నెలలు తిరక్కుండానే, 2003 మే మొదటి వారంలో హెల్మెట్ తప్పనిసరి చేసింది. స్టేజీ కొండ మీద ముగిసే రోజుల్లో, ఆ ఆఖరి ఎక్కుడు కనీసం 5 కిలోమీటర్లు ఉంటే అక్కడ తీసేయొచ్చని ఒక సడలింపు ఇచ్చింది. తర్వాత అదీ పోయింది. ఇప్పటి కుర్రాళ్లకు ఇది ఒక విషయమే కాదు. హెల్మెట్ లేకుండా తొక్కమంటే వాళ్లే ఒప్పుకోరు. 1991లో అసాధ్యం అనిపించినది కొన్నేళ్లకే చొక్కా తొడుక్కున్నంత మామూలైపోయింది. మధ్యలో పోయిన ఆ పన్నెండేళ్లు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక మన దగ్గరికి వస్తే, 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ బైకు మీద పోయేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి అంటుంది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్స్ రద్దు. సైకిల్‌కి ఇంజను లేదు కాబట్టి అది ఈ చట్టం కిందికి రాదు. అందుకే మా గుంపులో అన్న చెప్పే మాట ఒక్కటే చట్టం.

తమ్ముడు చెప్పిన ఉక్క మాత్రం అబద్ధం కాదు. పారిస్ మార్చి వేరు, నెల్లూరు మార్చి వేరు. ఇందుకూరుపేట దాటి రొయ్యల గుంటల మధ్య పోతుంటే గాలిలో తేమ ఒంటికి అంటుకుంటుంది. అయితే గాలి రంధ్రాలు బాగా ఉండే సైకిల్ హెల్మెట్ వేరు, బైకు హెల్మెట్ వేరు. తమ్ముడు ఎప్పుడో బైకు హెల్మెట్‌తో సైకిల్ తొక్కి చూసి, అన్నీ అలాగే ఉంటాయనుకున్నాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

హెల్మెట్ ఒక్కటే సర్వం అని కూడా నేను అనను. నెదర్లాండ్స్‌లో ఎక్కువ మంది రోజువారీ పనులకు ఉత్త తలతోనే సైకిల్ మీద తిరుగుతారు. అక్కడ సైకిల్‌కి విడిగా దారి ఉంటుంది. 1990లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిళ్లకు కూడా హెల్మెట్ చట్టం తెచ్చినప్పుడు, దానికి భయపడి జనం సైకిలే మానేస్తారన్న వాదన గట్టిగా వచ్చింది. ఆ వాదనలో బలం ఉంది. మన రోడ్ల మీద తెల్లవారుజామున సైకిల్ తొక్కేది మా గుంపు ఒక్కటే కాదు. పాల క్యాన్లు కట్టుకుని వచ్చేవాళ్లు, గుంటల మీద కాపలా ముగించుకుని ఇంటికి పోయేవాళ్లు, బడికి పోయే ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లను పట్టుకుని జరిమానా వేయాలని నేను అడగను. రోడ్డు అంచు గుంతలు లేకుండా ఉండాలని అడుగుతాను. ఆడపిల్లలకు సైకిల్ ఇచ్చినప్పుడు దాంతోపాటు ఒక హెల్మెట్ కూడా ఇవ్వాలని అడుగుతాను.

అన్న ఎందుకంత పట్టుబడతాడో తమ్ముడికి తెలియదు. కొన్నేళ్ల కిందట కోతల కాలంలో, ఇలాగే మార్చిలో, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదికి అన్న ముందు చక్రం వెళ్లింది. ఇసుక మీద జారినట్టు జారింది. నేను సరిగ్గా వెనకే ఉన్నాను. తల నేలకు కొట్టుకున్న శబ్దం విన్నాను. లేచి కూర్చుని, హెల్మెట్ విప్పి చూసుకుంటే కణత దగ్గర రెండు ముక్కలుగా చీలి ఉంది. మోచేయి, మోకాలు గీసుకుపోయాయి. తలకు గాయం లేదు. ఆ చీలిన హెల్మెట్‌ను అన్న పారేయలేదు. ఇంట్లో సైకిల్ పక్కన మేకుకు తగిలించి ఉంటుంది.

మరుసటి ఆదివారం అయ్యప్ప గుడి సెంటర్లో టీ తాగుతుంటే తమ్ముడికి ఈ సంగతి నేనే చెప్పాను. కివిలెవ్ గురించీ చెప్పాను. అతను ఏమీ అనలేదు. అన్న తన దగ్గరున్న రెండో హెల్మెట్ తెచ్చాడు. తమ్ముడి తలకు పెట్టి, వెనక ఉన్న చక్రం తిప్పి బిగించి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు దూర్చి చూశాడు. "గాలి ఆడతా ఉందా?" అని అడిగాడు. "ఆడతా ఉంది లేన్నా" అన్నాడు తమ్ముడు. అయిదుంబావుకు బయలుదేరాం.