మాత్ర మారితే పని మారుతుందా? వరస లెక్కల వెనక కథ

శ్రీకాకుళంలో ఏ మందుల షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. "ఇది పాత కంపెనీది కాదు, పనిచేస్తాదేటి బాబూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇదే జిల్లాలో, రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు నడుస్తున్నా ఈ అనుమానం పోదు. పోనక్కర్లేదు కూడా. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ క్యాప్సూళ్లలో మందు మోతాదు అలాగే ఉంచి, దానితో కలిపే కాల్షియం సల్ఫేట్ పొడి బదులు లాక్టోజ్ వేశారు. అంతే, రోగుల రక్తంలో మందు పెరిగిపోయి విషలక్షణాలు బయటపడ్డాయి.

అందుకే కొత్త మాత్రలోని మందు పాతదానిలాగే ఒంట్లోకి చేరుతోందని రక్తంలో కొలిచి చూపించమంటారు. దీన్నే బయోఈక్వివలెన్స్ పరీక్ష అంటారు. 1984లో అమెరికా చట్టం జెనరిక్ మందులకు, అంటే పాత మందుకే వేరే కంపెనీలు చేసే నకళ్లకు, ఇదే దారి వేసింది. మన దేశంలో చాలాకాలం కొత్త మందులకే అడిగారు. రక్తంలోకి చేరే తీరులో తేడా రావడానికి ఎక్కువ అవకాశమున్న కొన్ని రకాల పాత మందులకూ 2017లో ఈ పరీక్ష తప్పనిసరి చేశారు.

పరీక్షకు క్రాసోవర్ పద్ధతి వాడతారు. 24 మంది వాలంటీర్లుంటే పన్నెండుగురు ముందు పాత మాత్ర, తర్వాత కొత్తది వేసుకుంటారు. మిగతా పన్నెండుగురు తిరగేసి. మధ్యలో మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా విరామం. ఎవరి ఒళ్లు వాళ్లకే పోలిక కాబట్టి తక్కువ మంది చాలు. కానీ తిరకాసూ అక్కడే ఉంది. మామూలు లెక్క, అంకెలు గుడిగంట ఆకారంలో, అంటే నడుమ ఎక్కువగా, రెండు పక్కలా తక్కువగా పరుచుకుంటాయని నమ్ముకుని నడుస్తుంది. ఇంత తక్కువ మందిలో ఆ నమ్మకాన్ని సరిచూసుకోవడం కష్టం.

పలాస జీడిపప్పు బట్టీల్లో పప్పును చేత్తో ఏరేవాళ్లు ఒక్కో గింజనూ తూచరు. ఏది పెద్దది, ఏది చిన్నదన్న వరస చాలు. 1945లో ఫ్రాంక్ విల్కాక్సన్ లెక్కల్లోకి తెచ్చింది ఇలాంటి వరసనే. ఆయన వృత్తికి కెమిస్టు. వరస తేడా ఉందో లేదో చెబుతుంది సరే, ఎంత ఉందో? దానికి 1963లో గణాంక శాస్త్రవేత్తలు హాడ్జెస్, లేమన్ దారి చూపారు. 1972లో గ్యారీ కోచ్ వరస పద్ధతుల్ని క్రాసోవర్‌కు అన్వయించారు. 1990లో హౌష్కే, స్టైనియాన్స్, డిలెట్టీ దాన్ని బయోఈక్వివలెన్స్ పరీక్షలకు వీలుగా మలిచారు.

లెక్క చేత్తో చేసుకోవచ్చు, ఓపిక ఉండాలంతే. ఒక్కో మనిషికి మొదటి దఫాలో రక్తంలో కొలిచిన మందు అంకెలోంచి రెండో దఫాది తీసేసి సగం చేయాలి. ఒక గుంపులోని ప్రతి అంకెలోంచీ రెండో గుంపులోని ప్రతి అంకెనూ తీసేస్తే 12 పన్నెండ్లు 144 తేడాలు వస్తాయి. వాటిని చిన్నదానినుంచి పేర్చితే, నడిమిది మాత్రల మధ్య తేడాకు అంచనా. 43వది, 102వది 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌కు, అంటే అసలు తేడా ఉండొచ్చనుకునే మేరకు, రెండు గట్లు. గంట ఆకారం ప్రసక్తే లేదు.

ఇంత మంచి పద్ధతిని యూరప్ మందుల సంస్థ 2010 మార్గదర్శకాల్లో ఒప్పుకోలేదు. ఒంట్లోకి చేరిన మొత్తం మందుకూ గరిష్ఠ స్థాయికీ లాగరిథమ్ తీసుకుని మామూలు లెక్కే చేయాలి, కొత్త మాత్ర పాతదానిలో ఎన్నో వంతు అని చెప్పే ఆ 90 శాతం ఇంటర్వెల్ మొత్తం 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలి అన్నారు. నాకిది మొండితనం అనిపించదు. 24 మందిలో ఒక్కరికి మాత్ర సరిగా కరగలేదనుకోండి. వరసలో ఆ మనిషి చివరి స్థానం, అంతే. ఎంత దూరంలో ఉన్నాడో లెక్కకు అనవసరం. మందు విషయంలో ఆ దూరమే ముఖ్యం కావచ్చు.

వరస లెక్కకు నిజంగా తగిన చోటు వేరే ఉంది: మందు రక్తంలో గరిష్ఠానికి చేరే సమయం. రక్తం తీసిన వేళల్లోనే అది దొరుకుతుంది. అరగంటకోసారి తీస్తే అరగంట, గంట, గంటన్నర తప్ప మధ్యలో అంకె ఉండదు. గుడిగంట ఆకారం ఎక్కడినుంచి వస్తుంది? త్వరగా పనిచేయడం ముఖ్యమైన మందులకు ఈ సమయం మీద వరస పద్ధతి ఇంటర్వెల్ చూపించాలని 2001 నాటి యూరప్ నియమం చెప్పింది. 2010లో అదీ పోయింది. మధ్యస్థ సమయాల్లో పైకి కనిపించే తేడా లేకపోతే చాలన్నారు. తలనొప్పి మాత్ర వేసుకుని కూర్చున్నవాడికి ఎన్ని నిమిషాలైతే పైకి కనిపించినట్టో ఆ మార్గదర్శకాల్లో అంకె లేదు.