45 శాతం దేనిలో? దేశాల ఉద్గారాల వాటాపై అపోహలు – వాస్తవాలు

పరిశ్రమలకు గ్రీన్‌హౌస్ వాయు (భూమిని వేడెక్కించే వాయువుల) ఉద్గారాల లెక్కలు కట్టి ఇవ్వడం నా వృత్తి. హనుమకొండలో ఉంటూ రామగుండం, భూపాలపల్లి, మంచిర్యాల వైపు తరచుగా వెళ్తుంటాను. కళాశాలల వారు పిలిచినప్పుడు వాతావరణ ఒప్పందాల గురించి మాట్లాడుతుంటాను. ఎక్కడికి వెళ్లినా ఒక వాట్సాప్ సందేశం నాకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది.

అపోహ: ప్యారిస్ ఒప్పందం ప్రకారం భారత్ 2030 నాటికి ఉద్గారాలను 45 శాతం తగ్గించాలి, థర్మల్ ప్లాంట్లలో సగం మూసివేయాలి, కాబట్టి సింగరేణి పని అయిపోయినట్టే.

వాస్తవం: ఈ సందేశంలో అంకెలు మాత్రమే నిజం. 2022 ఆగస్టులో మన దేశం సమర్పించిన వాగ్దానంలో 45 శాతం ఉన్న మాట వాస్తవమే, అయితే అది మొత్తం ఉద్గారాలలో కోత కాదు. ఒక్కో రూపాయి స్థూల దేశీయోత్పత్తికి ఎంత వాయువు విడుదలవుతున్నదో, ఆ తీవ్రతను 2005 నాటి స్థాయితో పోల్చి 45 శాతం తగ్గిస్తామన్న హామీ. ఒక దేశపు ఉత్పత్తి నాలుగింతలై, తీవ్రత 45 శాతం తగ్గిందనుకుంటే, మొత్తం ఉద్గారాలు తగ్గవు, 2.2 రెట్లకు పెరుగుతాయి. కాగితం మీద ఒకసారి గుణించి చూసినవారెవరూ ఆ సందేశాన్ని ముందుకు పంపరు, కానీ గుణించే ఓపిక ఎవరికున్నది?

రెండో అంకె, ఆ 'సగం' కూడా ఇటువంటిదే. 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 50 శాతం శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) వనరులదై ఉండాలన్నది హామీ. అది 2025 లోనే నెరవేరింది, అయినా దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో దాదాపు 70 శాతం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నది. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ పలకలు రాత్రి పని చేయవన్న సంగతి రామగుండం రిజర్వాయరు మీద తేలుతున్న 100 మెగావాట్ల ప్లాంటును చూసిన పిల్లలకు కూడా తెలుసు.

ఇక ఈ శాతాలను మన మీద ఎవరూ రుద్దలేదు. 1997 నాటి క్యోటో ఒడంబడికలో పారిశ్రామిక దేశాలకు లక్ష్యాలను ఒడంబడికలోనే రాసి ఇచ్చారు. 2015 నాటి ప్యారిస్ ఒప్పందంలో ఏ దేశం వాగ్దానాన్ని ఆ దేశమే నిర్ణయించుకుంటుంది, తప్పితే జరిమానా వేసే వ్యవస్థ లేదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గును దశలవారీగా 'పూర్తిగా మానేయాలి' అన్న మాటను చివరి గంటల్లో భారత్, చైనాల పట్టుదల వల్ల 'తగ్గించాలి' అని మార్చిన సంగతి ఆ సందేశం రాసినవారికి తెలియదు కాబోలు.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉన్నది. గోదావరిఖనిలో ఒక సమావేశం ముగిశాక, రిటైరై దిగిపోయిన గని కార్మికుడొకరు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, "సారూ, మా పిలగాడు మైనింగ్ డిప్లొమా రెండో ఏడు సదువుతుండు. గనులన్ని బందయితయట గదా, మాన్పియ్యమంటరా?" అని అడిగారు. అప్పటికే ఆ పిల్లవాడు పదిహేను రోజులుగా కాలేజీకి పోవడం లేదు. మాన్పించవద్దన్నాను, అయితే భయం అక్కరలేదని మాత్రం చెప్పలేకపోయాను. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య 40 వేల దరిదాపులకు పడిపోయింది. ఆ పని చేసింది ఓపెన్‌కాస్ట్ గనులు, యంత్రాలు, ఏ వాతావరణ ఒప్పందమూ కాదు. ఆ కుటుంబాలు భయపడుతున్న దిక్కు వేరు, ప్రమాదం వచ్చిన దిక్కు వేరు. ప్యారిస్ ఒప్పందపు పీఠికలో కార్మికులకు న్యాయబద్ధమైన పరివర్తన ఉండాలన్న మాట, అంటే మార్పులో వాళ్లు నష్టపోకూడదన్న మాట ఉన్నది. ఆ మాటను పట్టుకుని ప్రభుత్వాలను అడగవలసిన వాళ్లు వదంతులు పంచుకుంటూ కూర్చోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అపోహ: ప్రపంచంలో మూడో పెద్ద ఉద్గారకర్త మనమే, అన్ని దేశాలూ ఒకే శాతం తగ్గించడమే న్యాయం.

వాస్తవం: ఎస్సారెస్పీ కాకతీయ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ విషయం నేను చెప్పనక్కరలేదు. ఎగువన ఆరు తడులు పారించుకున్న తర్వాత, ప్రాజెక్టులో నీళ్లు అడుగంటినప్పుడు, "ఇక అందరికీ సమానంగా నాలుగో వంతు కోత" అంటే, ఒక్క తడి కూడా అందని పొలం యజమాని ఏమంటాడు? కార్బన్ డయాక్సైడ్ ఏటికి ఏడు ఖాళీ అయ్యేది కాదు, శతాబ్దాల పాటు గాలిలో నిలుస్తుంది, అందుకే పాత వాడకాన్ని లెక్కలో నుంచి తీసివేయడం కుదరదు. 1850 నుంచి 2019 వరకు మానవాళి సుమారు 2,390 గిగాటన్నులు (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) వదిలింది, భూతాపంలో పెరుగుదల 1.5 డిగ్రీలు దాటకుండా ఉండే అవకాశం కనీసం సగమైనా మిగలాలంటే, 2020 మొదటి నాటికి వదలడానికి మిగిలినది 500 గిగాటన్నులే. అంటే ఐదు పాళ్లలో నాలుగు పాళ్లకు పైగా ముందే వాడేశారు. ఇప్పటివరకు శిలాజ ఇంధనాల నుంచి వచ్చిన దానిలో అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు, మనది నాలుగు శాతం లోపు. తలసరి చూస్తే నేడు ఏడాదికి మనది సుమారు 2 టన్నులు, అమెరికాది 14. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలో 'ఉమ్మడి, కానీ భేదంతో కూడిన బాధ్యతలు' అన్న సూత్రం ఈ లెక్క నుంచి పుట్టినదే.

అపోహ: అయితే మనం చేయవలసినదేమీ లేదు.

వాస్తవం: ఇది పై అపోహకు తోబుట్టువు, చదువుకున్నవారి నోట ఎక్కువగా వింటాను. 1992లో రాసుకున్న ధనిక, పేద దేశాల జాబితా ఈనాటికీ అట్లాగే సరిపోతుందని నేను అనుకోను. చైనా తలసరి ఉద్గారాలు ఇప్పుడు ఐరోపా సమాఖ్య సగటును దాటాయి. మన తలసరి సగటు కూడా ఒక ముసుగే. రెండు ఏసీలు, రెండు కార్లు ఉన్న నాబోటివాడు ఆదిలాబాద్ గోండు గూడెపు లెక్కలో తలదాచుకుని 'రెండు టన్నులే' అనడం నిజాయతీ కాదు. బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు అని ఢిల్లీ పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే సంపన్న దేశాలను నిలదీశారు. ఆ ప్రశ్న ఇప్పుడు ఇంటి గడపలోకి వచ్చింది.

అపోహ: మీథేన్ పేరుతో మన వరి సాగును నిషేధిస్తారు.

వాస్తవం: అట్లాంటి ఒప్పందమేదీ లేదు. మీథేన్ అంటే నీళ్లు నిలిచిన మడి నుంచి కూడా వెలువడే, భూమిని వేడెక్కించే వాయువు. దాన్ని తగ్గిస్తామని పలు దేశాలు కలిసి చేసిన 2021 నాటి ప్రతిజ్ఞలో భారత్ చేరనే లేదు. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలపకుండా మధ్యమధ్య ఆరనిస్తే మీథేన్ తగ్గుతుంది, నీళ్లూ, మోటారు కరెంటూ మిగులుతాయి. చేయాలనుకుంటే మన లాభం కోసం చేసుకోవచ్చు.

అపోహ: ధనిక దేశాలు మనకు దానం చేస్తున్నాయి.

వాస్తవం: 2020 నుంచి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో చెప్పి, ఆ మొత్తాన్ని 2022లో గానీ అందుకోలేదు, అది కూడా ఎక్కువ భాగం అప్పుల రూపంలో. 2024లో బాకూ వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు అన్నారు, ఆ సభలోనే భారత ప్రతినిధి అభ్యంతరం తెలిపారు. ఎగువ రైతు తన వంతుకు మించి పారించుకుని, ఎండిన మా పొలానికి బోరు వేసుకోమని వడ్డీకి పైసలిస్తే దాన్ని ఏ ఊరి పంచాయితీలోనూ దానం అనరు.