చక్రం లేని నీటిమర: అపోహలు – వాస్తవాలు

మా ఊళ్ళో నాకు పిండిమర ఉంది. అమెరికాలో అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అందరూ జలపాతాలు చూస్తే నేను మరలు చూస్తాను. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులో, నార్త్ కరోలినా వైపు, ఓకోనలఫ్టీ సందర్శకుల కేంద్రానికి అర మైలు ఉత్తరాన మింగస్ అనే నీటిమర ఉంది. అక్కడ మనవాళ్ళ నోట విన్న మాటలకు జవాబుగా ఇది రాస్తున్నాను.

అపోహ: నీటిమర అంటే పక్కన పెద్ద చక్రం ఉండాలి.

వాస్తవం: మింగస్‌కు చక్రమే లేదు. 1886లో కట్టిన ఈ మరను నడిపేది ఇనుప టర్బైన్, అంటే నీటి ఒత్తిడికి తిరిగే రెక్కల యంత్రం. వాగు నీళ్ళు చెక్క కాలువలో వచ్చి, ఎత్తయిన చెక్క తొట్టిలో నిండి, ఆ బరువుతో అడుగునున్న టర్బైన్‌ను తిప్పుతాయి. ఫొటోకు చక్రమే కావాలంటే అదే పార్కులో టెనెసీ వైపు, కేడ్స్ కోవ్‌లోని కేబుల్ మరకు వెళ్ళండి.

అపోహ: రాయికి రాయి రాసుకుంటేనే పిండి.

వాస్తవం: రాసుకుంటే రాళ్ళు పాడైనట్టే. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, మధ్యలో సన్నని సందు. పై రాయి కంటిలో, అంటే నడిమి రంధ్రంలో పడిన గింజ, ఉలితో కక్కు కొట్టిన గాడుల వెంట నలుగుతూ అంచుకు వస్తుంది. సందు ఎక్కువైతే నూక, మరీ తగ్గితే మాడు వాసన. మర పనితనమంతా ఆ సందులోనే ఉంది. అక్కడ మర నడిపే పెద్దాయన పిండి పడే గొట్టం కింద చెయ్యి పెట్టి, పిండిని బొటనవేలితో నలిపి చూశాడు. నేను రోజూ చేసేదీ అదే! నా అరచేతిలోనూ కాస్త పోశాడు. మొక్కజొన్న పిండి, గోరువెచ్చగా, కొంచెం గరుకుగా.

అపోహ: రాతిమర పిండి ఎన్నాళ్ళైనా నిల్వ ఉంటుంది.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. గింజలోని మొలక భాగం కూడా పిండిలో కలిస్తే దాని నూనె వల్ల త్వరగా ముక్కిపోతుంది. కొని తెచ్చుకుంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

అపోహ: ఎప్పుడు వెళ్ళినా రాళ్ళు తిరుగుతూ ఉంటాయి.

వాస్తవం: చలికాలంలో మర మూసి ఉంటుంది. చెక్క కాలువకు మరమ్మతు ఉంటే నీళ్ళు రావు. ముందుగా సందర్శకుల కేంద్రంలో అడగండి. నీళ్ళు లేని రోజున వెళ్ళినా నష్టం లేదు. కాలువ వెంట నడుస్తూ పలకల అతుకులు చూడవచ్చు. నాకైతే ఆ వడ్రంగం చూడటానికే గంట పట్టింది.