కంప్యూటరు లేచింది, కీబోర్డు లేవలేదు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

కంప్యూటరు ఆన్ చేస్తే కీబోర్డు, మౌస్ పలకట్లేదని, కొత్తవి కొనాలా, విండోస్ మళ్లీ వెయ్యాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ వద్దు. ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: అవి పనిచెయ్యకపోవడం విండోస్ రాకముందు నుంచా, వచ్చాకా? అది తేలకుండా డబ్బు పోసి కొత్త కీబోర్డు తెస్తే, అదీ మూగనోము పట్టి కూర్చోవచ్చు.

స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనపడేదాకా మీ కీబోర్డు మాట వినేది ఒక్కరే కాదు. మొదట మదర్‌బోర్డు మీద చిప్‌లో ఉండే బయోస్ వింటుంది. కొత్త మిషన్లలో దాని అసలు పేరు యూఈఎఫ్ఐ, అయినా అందరూ బయోస్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. తరవాత విండోస్ లోడ్ అవుతూ తన సొంత డ్రైవర్లతో, అంటే ఒక్కో వస్తువుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాములతో, ఆ పని తను తీసుకుంటుంది. రాత్రి వాచ్‌మన్ తాళాలు పొద్దుటి వాచ్‌మన్‌కి అప్పజెప్పినట్టన్నమాట. మొదటివాడికి వినపడి రెండోవాడికి వినపడకపోతే తప్పు కీబోర్డుది కాదు. ఇద్దరికీ వినపడకపోతే అప్పుడు వైరు, పోర్టు, కీబోర్డు, బయోస్ సెట్టింగు, వీటి మీద అనుమానపడాలి.

తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. క్యాప్స్ లాక్ దీపం చాలు. ఆ దీపాన్ని వెలిగించేది మామూలుగా కీబోర్డు కాదు, కంప్యూటరు. మీరు కీ నొక్కితే ఆ కబురు వైరు గుండా లోపలికి వెళుతుంది. అక్కడ బయోసో విండోసో విని, దీపం వెలిగించమని తిరిగి కబురు పంపితేనే అది వెలుగుతుంది. అంటే నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతోందీ అంటే రానూపోనూ దారి బాగున్నట్టే. ఆన్ చెయ్యగానే దీపాలన్నీ ఒక్కసారి తళుక్కుమనడం వేరు. అది కీబోర్డు తనంతట తాను చేసేది, కరెంటు అందిందనడానికి మాత్రమే గుర్తు. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

ఇప్పుడు మిషన్ ఆన్ చేసి, తెర మీద కంపెనీ గుర్తు ఉన్నప్పుడే క్యాప్స్ లాక్ నాలుగైదు సార్లు నొక్కండి. పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చాక మళ్లీ నొక్కండి. దీపాలు లేని కీబోర్డయితే బయోస్‌లోకి వెళ్లగలరేమో చూడండి: డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, దుకాణంలో బిగించిన డెస్క్‌టాప్‌లకి ఎక్కువగా డిలీట్. ఒక్కసారి నొక్కి ఊరుకోకుండా టకటకా నొక్కుతూ ఉండాలి.

రెండుచోట్లా పలకకపోతే మొదట సీపీయూ వెనకాల చెయ్యి పెట్టండి. ముందున్న యూఎస్‌బీ పోర్టులు లోపల ఒక సన్నటి కేబుల్‌తో మదర్‌బోర్డుకి తగిలించి ఉంటాయి. డబ్బా విప్పి దుమ్ము దులిపినప్పుడు ఆ కేబుల్ వదులైపోవడం మామూలే. వెనకవి నేరుగా బోర్డు మీదే ఉంటాయి కాబట్టి పరీక్ష ఎప్పుడూ అక్కడే చెయ్యాలి. హబ్ (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బీ) ఉంటే తీసేయండి. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు. వస్తువు తనేమిటో చెప్పుకునేదాకా 100 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు, చెప్పుకున్నాక యూఎస్‌బీ 2 పోర్టులో 500 దాకా తీసుకోవచ్చు. సొంత అడాప్టరు లేని హబ్‌కి వెబ్‌క్యామ్, ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను, పెన్ డ్రైవ్ అన్నీ తగిలిస్తే ఆ 500లోనే అందరూ పంచుకోవాలి. మిషన్ లేచే వేళ కీబోర్డుకి చాలకపోవచ్చు.

తరవాత మిషన్ ఆపి, గోడ ప్లగ్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. చాలామంది దీన్ని చాదస్తం అనుకుంటారు. కంప్యూటరు ఆపినా ప్లగ్ ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలున్న కరెంటు పెట్టె, నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మదర్‌బోర్డుకి వస్తూనే ఉంటుంది. ఆపేశాక కూడా మౌస్ కింద ఎర్ర దీపం వెలుగుతుందే, అది ఆ కరెంటే. కరెంటు పోయి వస్తూ ఉండే రోజుల్లో యూఎస్‌బీ కంట్రోలరు (ఆ పోర్టులని నడిపే భాగం) ఎక్కడో బిగుసుకుపోతే, ఆపి ఆన్ చేసినంతమాత్రాన వదలదు. ప్లగ్ తీసి మిగిలిన ఛార్జి కూడా పోనిస్తేనే వదులుతుంది.

ఇంకా పలకకపోతే బయోస్ సెట్టింగులు చూడాలి. లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ అని ఒకటుంటుంది, విండోస్ రాకముందు యూఎస్‌బీ కీబోర్డు పనిచెయ్యడానికి, అది ఎనేబుల్‌లో ఉండాలి. ఫాస్ట్ బూట్ అని ఇంకొకటి. అది రెండు మూడు సెకన్లు మిగల్చడం కోసం కొన్ని బోర్డుల్లో యూఎస్‌బీని పలకరించకుండానే దాటేస్తుంది. కీబోర్డే పలకనప్పుడు బయోస్‌లోకి వెళ్లడం ఎలా అంటారా? విండోస్‌లో మౌస్ అయినా పనిచేస్తే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌లో రీస్టార్ట్ నౌ నొక్కండి. నీలం తెర వచ్చాక ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అదీ కుదరకపోతే ప్లగ్ తీసేసి, మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీని పది నిమిషాలు బయటపెట్టి మళ్లీ పెడితే సెట్టింగులు మొదటికొస్తాయి. ఈ పని ఇంట్లో పెద్దవాళ్లని పక్కన పెట్టుకునే చెయ్యండి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉన్న మిషనైతే అంతకన్నా ముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. బయోస్ కదిపాక విండోస్ దాన్ని అడగవచ్చు, అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు.

పాత గుండ్రటి పీఎస్/2 ప్లగ్గులు ఇంకా బడి ల్యాబుల్లో కనిపిస్తుంటాయి. 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి అది. ఊదారంగు రంధ్రం కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది, సగం సగం రంగులుంటే ఏదైనా పెట్టుకోవచ్చు. లోపల ఆరు సన్నటి పిన్నులుంటాయి. చూడకుండా తిప్పుతూ దూర్చితే ఒకటి వంగుతుంది, ఇక అంతే. ముఖ్యంగా, మిషన్ నడుస్తుండగా దీన్ని తీసి పెట్టకూడదు. ఇది యూఎస్‌బీ కాదు. ఆన్ అయ్యేటప్పుడు లేకపోతే తరవాత పెట్టినా సాధారణంగా గుర్తుపట్టదు, బోర్డు మీద ఫ్యూజు పోయే ప్రమాదమూ ఉంది. ఈ మిషన్లలోనే కీబోర్డు లేదు, ముందుకెళ్లడానికి ఎఫ్1 నొక్కండి అని తెర మీద వస్తుంది. లేని కీబోర్డు మీద ఎఫ్1 ఎలా నొక్కాలో రాసినవాళ్లకే తెలియాలి! మిషన్ ఆపి, ప్లగ్ సరిగ్గా కూర్చోబెట్టి ఆన్ చెయ్యండి.

కంపెనీ గుర్తు దగ్గర దీపం పలికి, పాస్‌వర్డ్ తెర దగ్గర పలకకపోతే ఇప్పటిదాకా చెప్పినవేవీ చెయ్యక్కర్లేదు. గొడవ విండోస్ వైపుంది. ఇక్కడ అందరూ పొరపడే చోటొకటుంది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాం, అయినా అంతే అంటారు. 2012లో విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ విండోస్ మూలభాగాన్ని, డ్రైవర్లని ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచి, పొద్దున దాన్నే తిరిగి తెస్తుంది. రాత్రి యూఎస్‌బీ డ్రైవరు చెడి ఉంటే ఆ చెడిపోయిన స్థితే పొద్దున తిరిగొస్తుంది. రీస్టార్ట్ అలా కాదు, అన్నీ కొత్తగా లోడ్ చేస్తుంది. కాబట్టి పరీక్షకి షట్‌డౌన్ లెక్కలోకి రాదు, రీస్టార్టే వస్తుంది. రీస్టార్ట్‌తో బాగుపడి, షట్‌డౌన్ చేసిన మర్నాడు మళ్లీ చెడితే దొంగ దొరికినట్టే: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఛూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ అన్నచోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. టిక్ మసగ్గా కనిపిస్తే దానిపైనే ఉన్న ఛేంజ్ సెట్టింగ్స్ నొక్కాలి.

టిక్ తీసినా మారకపోతే కీబోర్డుని వేరే పోర్టుకి మార్చి చూడండి, విండోస్ దాన్ని కొత్త వస్తువులా పలకరించి డ్రైవరు మళ్లీ వేస్తుంది. డివైస్ మేనేజర్‌లో, అంటే తగిలించిన వస్తువులన్నీ విండోస్ చూపించే జాబితాలో, పసుపు గుర్తు ఉంటే, దాన్ని రెండుసార్లు నొక్కితే కోడ్ నంబరు కనిపిస్తుంది. 43 అంటే వస్తువే తనలో లోపం ఉందని చెప్పిందని, అప్పుడు వైరునీ పోర్టునీ అనుమానించండి. 39 అంటే డ్రైవరు ఫైలు పాడైందనో, అసలు లేకుండా పోయిందనో. కీబోర్డుతో వచ్చే రంగుల దీపాల సాఫ్ట్‌వేర్లు, ఆటల్లో మోసాలు పట్టే ప్రోగ్రాములు సగం సగం తీసేసినప్పుడు ఇలా అవుతుంటుంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట) చేతులు పెట్టకుండా సిస్టమ్ రిస్టోర్‌తో వెనకటి తేదీకి వెళ్లండి. ఉన్న ఒక్క కీబోర్డునీ డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసేముందు ఇంకో కీబోర్డు దగ్గర పెట్టుకోవాలని వేరే చెప్పాలా?

అసలు చెడిపోకుండానే చెడినట్టు కనిపించే సంగతులు కొన్నున్నాయి. పిన్ కొడితే అంకెలు పడట్లేదంటే ముందు నమ్ లాక్ చూడండి, పక్కనున్న అంకెల కీలు అది ఆరి ఉంటే బాణాలుగా మారిపోతాయి. కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కిపట్టుకుంటే ఫిల్టర్ కీస్ వస్తుంది, అప్పుడు టక్కున నొక్కిన కీలని విండోస్ లెక్కచెయ్యదు, కీబోర్డు చచ్చిపోయినట్టే ఉంటుంది. ఆటలాడే తమ్ముళ్లున్న ఇంట్లో ఇది మొదట చూడాలి. తెలుగు టైపింగు పెట్టుకున్నవాళ్లు పాస్‌వర్డ్ తెర మీద కింద కుడి మూల ఏ భాష ఉందో చూడండి. తెలుగులో ఉంటే సరైన పాస్‌వర్డే తప్పంటుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఆ మూలనే ఉన్న యాక్సెసిబిలిటీ బొమ్మ నొక్కి, ఆన్-స్క్రీన్ కీబోర్డు ఎంచుకుంటే తెర మీద కీబోర్డు వస్తుంది, మౌస్‌తో పాస్‌వర్డ్ కొట్టేసి లోపలికి వెళ్లిపోవచ్చు. మౌస్ పోయి కీబోర్డు ఉంటే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి, వచ్చిన ప్రశ్నకి ఎంటర్ కొట్టండి. అంకెల కీలు మౌస్ బాణాన్ని జరుపుతాయి, 5 నొక్కితే క్లిక్.

వైరు లేనివైతే ముందు బ్యాటరీలు, అడుగునున్న స్విచ్. బ్లూటూత్ కీబోర్డు విండోస్ లేచాకే కలుస్తుంది, చాలా మిషన్లలో బయోస్ దాన్ని చూడనే చూడదు. ఒక వైరున్న కీబోర్డు ఇంట్లో ఉంచుకోవాలనేది అందుకే. చిన్న రిసీవరుతో వచ్చేవి 2.4 గిగాహెర్ట్‌జ్ మీద నడుస్తాయి, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పనిచేస్తున్న హార్డ్‌డిస్కు సరిగ్గా ఆ దగ్గరే రేడియో గోల పెడుతుంది. రిసీవరుని దానికి దూరంగా, ముందువైపు పోర్టులో పెట్టండి.

ఇక బయోస్‌లో పనిచేసి, విండోస్ వేసే తెరలోనో రికవరీ తెరలోనో చచ్చిపోయే రకం. 2015లో వచ్చిన ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్లలో (మదర్‌బోర్డు మీద పోర్టుల వంటివాటిని నడిపే చిప్‌లలో) పాత యూఎస్‌బీ 2 కంట్రోలరు తీసేశారు, నల్ల పోర్టులు కూడా కొత్త ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలరు మీదే నడుస్తాయి. విండోస్ 7 డిస్కులో దానికి డ్రైవరు లేదు. అందుకని ఆ మిషన్ల మీద విండోస్ 7 వెయ్యబోతే బయోస్‌లో చక్కగా పలికిన కీబోర్డు, భాష ఎంచుకోమనే తెర రాగానే మౌస్‌తో సహా మూగబోయేది. కీబోర్డులు ఎన్ని మార్చినా లాభం లేదు. పీఎస్/2 కీబోర్డు పెట్టడమో, డిస్కులోకి ఆ డ్రైవరు ఎక్కించుకోవడమో చెయ్యాల్సిందే. ఈ మధ్య 2025 అక్టోబర్ 14న విండోస్ 11కి వచ్చిన కేబీ5066835 అప్‌డేట్‌తోనూ అలాంటిదే జరిగింది. రోజూ వాడే విండోస్‌లో అంతా బాగానే ఉంది, రికవరీ తెరలో మాత్రం యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పలకలేదు. రికవరీ అనేది తన డ్రైవర్లు తను తెచ్చుకునే వేరే చిన్న విండోస్ మరి. అక్టోబర్ 20న కేబీ5070773తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది.

ల్యాప్‌టాప్ సంగతి కొంచెమే. బయట నుంచి పెట్టిన యూఎస్‌బీ కీబోర్డు బయోస్‌లో పనిచేసి, లోపలిది చెయ్యకపోతే దాని పట్టీ కేబుల్ వదులైందనో, కీబోర్డు పోయిందనో అనుకోవాలి. టీ ఒలికితే వెంటనే ఆపి, ఛార్జరు తీసి, బోర్లించి ఆరనివ్వండి. పనిచేస్తోందా లేదా అని మధ్యలో ఆన్ చేసి చూడకండి, బోర్డు పోయేది అప్పుడే. టచ్‌ప్యాడ్ ఆగిపోతే ఎఫ్ వరసలో దాని బొమ్మున్న కీని ఎవరైనా నొక్కారేమో చూడండి. అది కాకుండా టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు ఉండి క్లిక్ దిగకపోతే కిందున్న బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని అదమకండి, గుచ్చకండి. ఛార్జరు తీసేసి, మిషన్ ఆపేసి, నాన్నకి చెప్పి ఆ రోజే రిపేరు షాపుకి పంపించండి.

మీ పెద్దమామయ్య