బెజవాడ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు కేసు వెయ్యొచ్చా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గవర్నర్‌పేటలోని నా ఆఫీసుకు రెండు రకాల మనుషులు వస్తారు. ఇక్కడ కేసు పోగానే "అంతర్జాతీయ మానవ హక్కుల కోర్టులో వేద్దాం లాయర్ గారూ" అనేవాళ్ళు. పిల్లలు లండన్‌లోనో జర్మనీలోనో ఇబ్బందిలో పడితే "అక్కడ మనకేం హక్కులుంటాయి" అని వదిలేసేవాళ్ళు. ఇద్దరూ పొరబడుతున్నారు.

అపోహ: సుప్రీంకోర్టు పైన ఇంకో కోర్టు ఉంది.

లేదు. మానవ హక్కుల కోసం ప్రాంతీయ కోర్టులు పనిచేస్తున్నది మూడు చోట్లే. యూరప్‌కు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, అమెరికా ఖండాలకు కోస్టారికాలోని శాన్‌హోసే, ఆఫ్రికాకు టాంజానియాలోని అరూషా. ఆసియాకు ఏదీ లేదు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ అయితే వివాదాస్పద విషయాలు చర్చకే రాకూడదని తన చార్టర్‌లోనే రాసుకుంది! మనకున్నవి రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టు, 32 కింద సుప్రీంకోర్టు, ఆపైన మానవ హక్కుల కమిషన్. కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి. అది ఇచ్చేది సిఫార్సే, తీర్పు కాదు.

అపోహ: యూరప్ కోర్టు అక్కడి పౌరులకే.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆ కోర్టు పాస్‌పోర్టు చూడదు. సభ్యదేశం పరిధిలో ఉన్న ఎవరికైనా యూరప్ మానవ హక్కుల ఒడంబడిక వర్తిస్తుంది. చాహల్ అనే భారత పౌరుణ్ణి దేశభద్రత పేరు చెప్పి బ్రిటన్ ఇండియాకు పంపేయబోయింది. చిత్రహింస ముప్పు నిజంగా ఉన్నప్పుడు భద్రత సాకుతోనైనా పంపడానికి వీల్లేదని 1996లో స్ట్రాస్‌బర్గ్ తేల్చింది. అప్పటికి ఆయన ఆరేళ్ళుగా నిర్బంధంలోనే ఉన్నారు.

అయితే నేరుగా వెళ్ళడం కుదరదు. ముందు ఆ దేశంలోని కోర్టులన్నీ అయిపోవాలి. చివరి తీర్పు వచ్చిన 4 నెలల్లో దరఖాస్తు చేరాలి. ఒకప్పుడు 6 నెలలుండేది, పాత సమాచారం నమ్మి గడువు పోగొట్టుకోకండి. కోర్టు ఫీజు లేదు. ఫిర్యాదు మాత్రం ప్రభుత్వం మీదే ఉండాలి. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద వేస్తే తీసుకోరు.

బ్రెగ్జిట్‌తో బ్రిటన్ ఇందులోంచి బయటికి పోయిందనీ కొందరంటారు. పోలేదు. యూరోపియన్ యూనియన్ కోర్టు లక్సెంబర్గ్‌లో ఉంది, అది వేరు. స్ట్రాస్‌బర్గ్ 46 దేశాల యూరప్ కౌన్సిల్‌ది. 2022లో రష్యాను పంపేసింది ఈ కౌన్సిలే.

అపోహ: పోలీసుల్లేని కోర్టు తీర్పు చిత్తుకాగితం.

సగం నిజం. అమలును సభ్యదేశాల మంత్రుల కమిటీ చూస్తుంది, దాని చేతిలో ఉన్నది ఒత్తిడే. స్వలింగ సంబంధాలను నేరంగా చూడటం తప్పని 1981లో డడ్జన్ తీర్పు వస్తే, మరుసటి ఏడాదే బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్‌లో చట్టం మారింది. ఖైదీల ఓటు మీద 2005లో వచ్చిన హర్స్ట్ తీర్పును మాత్రం అదే బ్రిటన్ పన్నెండేళ్ళు నాన్చింది. ఆఫ్రికాలో పరిస్థితి ఇంకా కష్టం. పౌరులు నేరుగా కేసు వేసే వీలును రువాండా, టాంజానియా, బెనిన్ వెనక్కి తీసుకున్నాయి.

ఇక మనకు ఈ తీర్పులతో పనే లేదా అంటే, ఉంది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 మీద 2018లో మన సుప్రీంకోర్టు డడ్జన్ తీర్పును ప్రస్తావించింది. హైకోర్టులో రిట్ వేసేటప్పుడు నేనూ వీటిని ఉదహరిస్తాను, కానీ జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21 మీద మన తీర్పులన్నీ పెట్టాకే. ఆ విదేశీ తీర్పులకు మన జడ్జీలు కట్టుబడక్కర్లేదు మరి.