జాడీ అడుగు నూనె

ఆవకాయ జాడీ ఖాళీ అయిందంటే మా అమ్మ వెంటనే కడగనిచ్చేది కాదు. వేడి అన్నం అందులోనే వేసి కలిపేది. జాడీ ఎంత వొంపినా రాని నూనె, గోడలకి పట్టిన పిండి అన్నీ ముద్దకి అంటుకుని వచ్చేసేవి. బరంపురంలో మా పక్కింటి ఒడియా పిన్నిగారు కూడా అంతే.

‘చమురు బావి ఎండిపోయింది’ అన్న మాట వింటే నాకు ఆ జాడీయే గుర్తొస్తుంది. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయి, సున్నపురాయి లాంటి రాళ్ళలో కంటికి కనపడని సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. మొదట్లో లోపలి ఒత్తిడికి తనే పైకి వస్తుంది. ఆ ఒత్తిడి తగ్గాక నీళ్ళు పంపి నెడతారు. కొన్నాళ్ళకి ఆ నీళ్ళు తేలికైన దారి చూసుకుని అటే పోతాయి. చాలా చమురు క్షేత్రాల్లో దాదాపు మూడింట రెండు వంతులు రాతిలోనే ఉండిపోతుంది.

జిడ్డు గిన్నెకి ఒట్టి నీళ్ళు చాలవు, కుంకుడు రసమో సబ్బో కావాలి. కానీ అంత లోతుకి సబ్బు పంపితే చాలావరకు దారిలో రాయే పీల్చేసుకుంటుంది. అదే సబ్బుని అక్కడే తయారుచేసే జీవులుంటే? ఉన్నాయి. బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియా సర్ఫాక్టిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కాస్తంత కలిస్తే చాలు, నీటి తలతన్యత (పైపొర బిగువు) మీటరుకి 72 మిల్లీన్యూటన్ల నుంచి 27 దాకా పడిపోతుంది. నీటికీ నూనెకీ మధ్య బిగువు కూడా సడలి, రాతిని పట్టుకున్న చుక్క జారుతుంది.

సముద్రపు బ్యాక్టీరియా మీద పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త క్లాడ్ జోబెల్ బ్యాక్టీరియాతో చమురు రాబట్టాలనే ఈ ఆలోచనకి 1946లో పేటెంట్ పొందాడు. 1954లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిస్బన్ క్షేత్రంలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాని బావిలోకి పంపి చూశారు. దానికి పెట్టిన మేత మొలాసిస్. ఈ సంగతి చదివిన రోజు నాకు భలే సంతోషం వేసింది. మా గంజాం జిల్లా ఆస్కా చక్కెర మిల్లులో చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం కూడా అదే కదా! దాన్ని తిని ఆ బ్యాక్టీరియా ఆమ్లాలు, అసిటోన్, బ్యుటనాల్, గ్యాసులు వదులుతుంది. ఆమ్లం సున్నపురాయిని కొద్దిగా కరిగించి సందులు పెంచుతుంది. గ్యాసు చమురులో కలిసి దాన్ని పలచబరుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం పాకుడు. నీళ్ళ తొట్టి అడుగున పట్టే జారుడు పొర మనకి చిరాకు. రాతిలో అది వరం. కొన్ని సూక్ష్మజీవులు అలాంటి జిగురునే వదిలి, నీళ్ళు అలవాటుగా పారే పెద్ద దారుల్ని మూసేస్తాయి. అప్పుడు నీళ్ళు ఇంతకాలం ముట్టని సందుల్లోకి మళ్ళి, అక్కడి చమురుని నెడతాయి.

పెద్ద అడ్డంకి వేడి. ప్రతి కిలోమీటరు లోతుకీ దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. మూడు కిలోమీటర్ల లోతులో, మనం పెరుగు తోడుపెట్టే బ్యాక్టీరియా లాంటివి క్షణం బతకవు. అందుకే వేడి తట్టుకునే జాతుల్ని వెతకాలి. మన దేశంలో చమురు తీసే ఓఎన్‌జీసీ, ఇంధన పరిశోధన చేసే టెరీ సంస్థలు కలిసి 90 డిగ్రీల దగ్గర కూడా పనిచేసే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేశాయి. బావి గొట్టాల్లో పేరుకునే మైనాన్ని తినే బ్యాక్టీరియాని కూడా వాడారు.

టెన్షన్ పెట్టే జీవులూ లోపల ఉన్నాయి. సముద్ర క్షేత్రాల్లో బావుల్లోకి సముద్రపు నీళ్ళే పంపుతారు. మా గోపాల్‌పూర్ సముద్రంలో లాగే ఆ నీళ్ళలో సల్ఫేట్ ఉంటుంది. దాన్ని వాడుకుని బతికే బ్యాక్టీరియా కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అది మనుషులకి విషం, ఉక్కు గొట్టాలకి తినివేత. దీనికి విరుగుడుగా ఇంకో మందు పోసి అన్నిటినీ చంపక్కర్లేదు. నీళ్ళలో నైట్రేట్ కలిపితే చాలు. నైట్రేట్ వాడుకునే బ్యాక్టీరియా పెరిగి, ఉన్న మేతంతా ముందే తినేస్తుంది. సల్ఫేట్ జాతి ఆకలితో వెనకబడుతుంది.